పెద్దక్క వదిలిన పని

ముప్పై ఏళ్లపాటు చర్చి సంఘంలో చనిపోయిన ప్రతి స్త్రీకీ చివరి స్నానం చేయించిన పెద్దక్కకు, తన వంతు వచ్చినప్పుడు స్నానం చేయించడానికి ఒక్క స్త్రీ కూడా రాలేదు. ఇందులో వాదించడానికేమీ లేదు. జరిగింది ఇదే.

ఆ ఉదయం ఆమె భర్త, తాపీమేస్త్రి, పాస్టరుగారికి కబురు పంపాడు. ఆయన ఏర్పాట్లన్నీ సంఘ కార్యదర్శికి అప్పగించారు. కార్యదర్శి శవపేటికకు చెప్పాడు. బండికి చెప్పాడు. సమాధి తవ్వేవాళ్లకు చెప్పాడు. ఆ తర్వాత అలవాటు చొప్పున స్నానానికి ఫోను చేశాడు. ఆ ఫోను పెద్దక్క తలగడ పక్కనే మోగింది.

"అక్కా, ఒకరు ప్రభువులో నిద్రించారు. కాస్త తొందరగా రావాలి."

"ఆవిడెలా వస్తుందయ్యా? నిద్రించింది ఆవిడే," అన్నాడు మేస్త్రి.

పాఠకులారా, కార్యదర్శిని చూసి నవ్వకండి. ఆ పని పెద్దక్కదని సంఘమంతటికీ తెలుసు. ఆమె పోతే ఎవరు చేస్తారో ఒక్కరూ ఆలోచించలేదు. స్త్రీల సమాజం అధ్యక్షురాలు నడుం నొప్పి అంది. ఇంకొకామె భయం అంది. చివరికి మేస్త్రే తలుపు వేసుకుని భార్యకు నీళ్లు పోశాడు. జడ వేయడం రాక, జుట్టు ముడివేసి ఊరుకున్నాడు.

జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడింది. కార్యదర్శి, అధ్యక్షురాలు కార్యక్రమం కాగితం పట్టుకుని వచ్చారు.

"ఏడుగురు సాక్ష్యం చెప్తారు మేస్త్రిగారూ. మొదట మన అధ్యక్షురాలు అమ్మగారు, పెద్దక్క సేవాజీవితం గురించి. ఇరవై నిమిషాలు."

"అంతసేపు నిలబడితే నడుం పట్టెయ్యదూ?"

అధ్యక్షురాలి మొహం మాడిపోయింది. "పోయినామె గురించి నాలుగు మంచి మాటలు చెప్పొద్దా అన్నయ్యా?"

"వద్దమ్మా. పాటలుంటాయి, వాక్యం ఉంటుంది. సాక్ష్యాలుండవు. కాదంటే కూడికే వద్దు."

మేస్త్రి చెవిమీది పెన్సిలు తీసి ఏడు పేర్లనూ కొట్టేశాడు.

ఆదివారం కూడికకు చర్చి నిండిపోయింది. వాక్యం అయ్యాక మేస్త్రి ముందుకు వెళ్లి, బల్లమీద ఒక బేసిను, తువ్వాలు, దువ్వెన పెట్టాడు.

"ఇవి ఆమెవి. నాకు పనికిరావు. కావలసినవాళ్లు తీసుకోండి. ఎవరూ తీసుకోకపోతే, ఆమెను తలుచుకున్నామని ఎవరూ చెప్పుకోకండి."

అధ్యక్షురాలి కోడలు లేచింది.

"కూర్చోవే!" అని అత్త ఆమె కొంగు పట్టుకుంది.

"మా అమ్మకి జడేసింది ఆవిడే అత్తయ్యా," అని కోడలు కొంగు విడిపించుకుని వెళ్లి దువ్వెన తీసుకుంది. బట్టలు కుట్టే ఆమె తువ్వాలు అందుకుంది. బేసినుకు ఇద్దరు ఒకేసారి చేతులు చాచారు. చూస్తుండగానే బల్ల చుట్టూ పదకొండుమంది నిలబడ్డారు. అందరికన్నా వెనక అధ్యక్షురాలు వచ్చింది. బల్ల ఖాళీగా ఉంది.

"నాకేం మిగల్చలేదా అన్నయ్యా?"

"నీళ్లు మొయ్యాలి కదమ్మా. నడుం జాగ్రత్త."

నవ్వులూ ఏడుపులూ కలిసిపోయాయి. ఎవరూ చెప్పకుండానే సంఘమంతా లేచి పాట ఎత్తుకుంది. కప్పు అదిరిపోయేలా పాడారు.

పాట ఆగాక మేస్త్రి అన్నాడు:

"పోయినవాళ్ల పని అందుకునే చేతులుంటేనే అది జ్ఞాపకం. ఈ రోజు నా భార్య గెలిచింది. తలుపు వేసుకున్న ఆ ఉదయాన్ని మాత్రం నేను మరిచిపోను, క్షమించను. దాని గురించి నన్నెవరూ అడగొద్దు. ఇక ఆ మాట నా నోట రాదు."