అన్నయ్య చేత చెప్పించిన మాట

టీవీ మెకానిక్ ఆ పాత కంప్యూటర్‌ని తుక్కు దుకాణంలో కొన్నాడు. కీబోర్డూ కంప్యూటరూ ఒకటే పెట్టె, టీవీకి తగిలిస్తే బొమ్మ వస్తుంది. ఒకప్పుడు పిల్లలు ఇళ్లల్లో ఆటలాడుకున్న సరుకు. ఇప్పటి ఫోన్లో తీసిన ఒక్క ఫోటో కూడా దాని మెమరీలో పట్టదు. అలాంటిదాని మీద, పెద్ద కంప్యూటర్లని నడిపే యూనిక్స్‌లాంటి చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాసి నడపాలని అతనికి పట్టుకుంది. మూడేళ్లపాటు మధ్యాహ్నాలు షాపు మూసేసి దాని ముందే కూర్చున్నాడు.

అతని అన్నయ్య కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్. మొదట్లో చూసి పగలబడి నవ్వాడు. "ఒట్టిపోయిన గేదెని పితుకుతున్నావేంట్రా!" సిస్టమ్ నిజంగానే నడిచిన రోజు మాత్రం నవ్వలేదు. వారం తిరక్కుండా దాన్ని కాలేజీ ప్రదర్శనలో పెట్టించాడు. బల్ల మీద అట్టముక్క, దాని మీద పెద్దక్షరాలతో తన పేరు, కింద చీమ తలకాయంత 'సహాయం: టీవీ మెకానిక్'.

"ఇదేంటన్నయ్యా?"

"టంకం పెట్టేవాడు సిస్టమ్ రాశాడంటే ఎవడు నమ్ముతాడ్రా? నా పేరుంటేనే నీ పని నలుగురూ చూస్తారు."

తమ్ముడు వంగి వైర్లు తగిలించసాగాడు.

ప్రిన్సిపాలు, విద్యార్థులు, వదిన అందరూ బల్ల చుట్టూ చేరారు. అన్నయ్య ఓ ఫైలు రాసి చూపించాడు. "మొదటినుంచీ ఎలా లేస్తుందో చూపించండి," అన్నాడు ప్రిన్సిపాలు. అన్నయ్య చెయ్యి స్విచ్ వైపు వెళ్లింది. సిస్టమంతా ఒక్క ఫ్లాపీ డిస్కులో ఉంది; రాసిందంతా దాని మీదికి దిగకముందే కరెంటు ఆపితే డిస్కు పాడవుతుంది. డిస్కు పెట్టిన డ్రైవు మీద ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది, అంటే రాయడం అవలేదు. "ఆగన్నయ్యా" అంటే సరిపోయేది. తమ్ముడు చేతులు కట్టుకుని చూశాడు.

అన్నయ్య స్విచ్ ఆపి మళ్లీ వేస్తే తెర మీద రెండు లైన్లు వచ్చి ఆగిపోయాయి. రెండోసారి అవీ రాలేదు.

"వీడికి డిస్కు చెయ్యడం కూడా చేతకాలేదండీ," అన్నాడు అన్నయ్య నవ్వుతూ. "సొంతవాడు కదాని వెంట తిప్పుకుంటున్నా." తరువాత తమ్ముడి వైపు వంగి, "ఇంకోటుందా?" అన్నాడు మెల్లగా.

తమ్ముడు చొక్కా జేబులోంచి ఓ డిస్కు సగం పైకి తీశాడు. "ఉంది. ఇదెవరు రాశారో అందరికీ వినపడేలా చెప్పు. పెడతాను."

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం రా."

"ఇక్కడే."

అన్నయ్య ప్రిన్సిపాలు వైపు తిరిగాడు. "ఇది... మా తమ్ముడు రాశాడండీ. నేను రాయలేదు."

"వెనకవాళ్లకి వినపళ్లేదు."

మళ్లీ చెప్పాడు. విద్యార్థుల్లో ఎవరో కిసుక్కుమన్నారు. వదిన తలొంచుకుంది.

తమ్ముడు డిస్కుని తిరిగి జేబులోకి తోసి, వైర్లు పీకి, కంప్యూటర్ చంకన పెట్టుకుని తలుపు వైపు నడిచాడు.

"ఒరేయ్, పెడతానన్నావు కదరా!"

అతను వెనక్కి చూడలేదు.

ఆ తరువాత అన్నయ్యని ల్యాబు నుంచి తప్పించారు. వరండాలో పిల్లలు "సహాయం సార్" అని గొణిగి పారిపోతున్నారు. అతను నెలరోజులు సెలవు పెట్టి గదిలోంచి బయటికి రావడం మానేశాడు.

అప్పుడొచ్చింది వదిన షాపుకి. తల్లి పోయాక పదేళ్లవాణ్ణి చేరదీసి పెంచిందామె.

"ఆయన తప్పు చేశాడు. నలుగురిలో ఒప్పుకున్నాడు కూడా. మరి నువ్వెందుకు పెట్టలేదు?"

"పెడితే ఆయనకి ఊపిరాడేది వదినా."

ఆమె లేచింది. "ఆయనకి గర్వమని నాకు పెళ్లినాడే తెలుసు. నువ్విలాంటివాడివని ఈరోజే తెలిసింది." చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

తమ్ముడు కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి బాధేస్తుందేమోనని ఎదురుచూశాడు. వెయ్యలేదు. ఆకలేసింది. అన్నం డబ్బా విప్పుకుని, కడుపునిండా తిన్నాడు.