ఎర్ర పీపాకు అవతల

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ సామెత కట్టినవాళ్ళు మా అత్తగారి పెన్ను చూసి ఉండరు. అగ్గిపుల్ల అక్కర్లేదు, బూడిద రాలదు. నోట్లో పెట్టుకుని మెల్లగా పీలిస్తే చివర చిన్న దీపం వెలుగుతుంది, తెల్లటి ఆవిరి వస్తుంది. ఆ గుక్కెడు ఆవిరి కోసం రెండు ప్రభుత్వాలు, రెండు చట్టాలు, మధ్యలో ఓ నది. ఆ నది మీద అడకత్తెరలో పోకచెక్కలా నేను.

నేను లాంచీ నడుపుతాను. ఈ ఒడ్డు మనుషుల్ని ఆ ఒడ్డుకీ, ఆ ఒడ్డు మనుషుల్ని ఈ ఒడ్డుకీ చేరుస్తాను. లాంచీ నా పేరు మీదే ఉంది. మా ఇంట్లో పొయ్యి వెలిగేది దానివల్లే. మా ఆయన రేవులో ఇంజిన్లు బాగుచేస్తాడు గానీ, అడిగి డబ్బులు తీసుకోవడం ఆయనకి చేతకాదు. ఆ సంగతి ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది, వదిలేయండి.

మా అత్తగారు కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయ్యారు. జడ్జీలు చెప్పిన తీర్పులన్నీ ఆవిడ వేళ్ళ మీదుగా వెళ్ళినవే. ఆ భాష ఇంట్లోనూ వదల్లేదు. పాలు పొంగిపోతే "నిర్లక్ష్యం రుజువైంది" అనేవారు. మా ఆయన ఆలస్యంగా వస్తే "ముద్దాయి హాజరు" అనేవారు. అబద్ధం మాత్రం ఆవిడ నోట నేనెన్నడూ వినలేదు, కనీసం నా వంట గురించైనా.

అలాంటి మనిషికి ఎముకల్లో జబ్బు చేసింది. "ఎవరో లోపల కూర్చుని మేకులు దిగ్గొడుతున్నారే అమ్మాయ్" అనేవారు. మింగిన మాత్రలు పొట్టని పాడుచేశాయి గానీ నొప్పిని ముట్టుకోలేదు. చివరికి ఆ ఒడ్డు డాక్టరు ఈ పెన్ను రాసిచ్చాడు. అందులో ఉండేది గంజాయి నూనె. ఆ మాట వినగానే అత్తగారు కుర్చీలోంచి లేవబోయి, నొప్పికి మళ్ళీ కూలబడ్డారు.

"గంజాయా? ఆ మాట వెయ్యిసార్లు టైపు కొట్టాను నాయనా, ప్రతిసారీ దాని కింద శిక్ష కూడా కొట్టాను!"

"అది మీ ఒడ్డున అమ్మా. ఇక్కడ చీటీ ఉంటే మందే" అన్నాడు డాక్టరు.

మందే. కానీ ఎక్కడ పీల్చాలి? మా ఒడ్డున చుక్క దొరికినా కేసు, దొరికిన బండి గానీ పడవ గానీ జప్తు. ఆ ఒడ్డున కొనుక్కోవచ్చు, దగ్గర పెట్టుకోవచ్చు. వీధిలో మాత్రం పీల్చకూడదు. పార్కు బెంచీ మీద కూడదు, ఆసుపత్రి వరండాలో కూడదు, లాడ్జి గదిలో అసలే కూడదు. సొంత చోటైతేనే పీల్చాలట. ఆ ఒడ్డున మాకు సొంతదంటూ జానెడు నేల లేదు. కూడు పెట్టి నోరు కుట్టేయడమంటే ఇదేగా!

దారి చూపించింది అక్కడి మందుల షాపావిడ. "లాంచీ నీదేగా? ప్రయాణికులు లేనప్పుడు అది నీ ఇల్లు కిందే లెక్క. రేవుకి దూరంగా వెళ్ళండి, రేవంటే మళ్ళీ వీధి కిందకొస్తుంది. ఎర్ర పీపా మాత్రం దాటకండి. పెన్ను నా దగ్గరే పెట్టి వెళ్ళండి" అంది.

నది మధ్యలో లంగరేసిన ఎర్ర పీపా ఒకటి తేలుతూ ఉంటుంది. దానికో గంట. పీపాకు అవతల ఆ ఒడ్డు చట్టం, ఇవతల మాది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆ ఒడ్డున ఆఖరి ట్రిప్పు దింపేశాక, అత్తగారు షాపులో పెన్ను తీసుకునేవారు. పీపాకు కాస్త అవతలే లంగరేసి ఇంజిన్ ఆపేసేదాన్ని. నాకా ఆవిరి తగలకుండా గాలికి ఎదురుగా కూర్చునేదాన్ని, సరంగుకి మత్తెక్కితే లాంచీ గంగపాలే కదా. ఎడమచేతి వైపునుంచి పీపా గంట నిదానంగా మోగుతూ ఉండేది. ఆవిడ పీల్చేవారు. కాసేపటికి భుజాలు దిగేవి, బిగిసిన దవడ వదులయ్యేది. నీళ్ళలో ఆకాశం మెల్లగా నల్లబడుతుంటే ఆవిడ ఏదో కూనిరాగం తీసేవారు. ఆ మనిషికి రాగాలు వచ్చని నాకప్పుడే తెలిసింది. నాకెంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. మళ్ళీ వెనక్కి వెళ్ళి పెన్ను అప్పజెప్పి, ఇంటికి చేరేవాళ్ళం. ఆ రాత్రికి ఆవిడ నిద్రపోయేవారు.

ఆ రోజు పొద్దు వాలకముందే పొగమంచు కమ్మేసింది. అత్తగారికి నొప్పి ఎంతగా ఉందంటే, ఇంజిన్ అదురుకే "అమ్మా" అంటున్నారు. రోజూ లంగరు గొలుసుతో వదులుతాను. గొలుసు గడగడలాడితే లాంచీ అంతా అదురుతుంది. ఆ అదురు ఆవిడ ఎముకల్లోకి పోతుందని, ఆ రోజు సన్న తాడు కట్టి, చేత్తో మెల్లగా దింపాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. గొలుసు బరువు లేక లంగరు నేలని పట్టలేదు. ఏరు అక్కడ మెలిక తిరిగి మా ఒడ్డువైపే లాగుతుంది.

మాకేం తెలుసు? చుట్టూ తెల్లదనమే. ఆవిడ వదిలిన ఆవిరేదో, నది మీది మంచేదో తేడా తెలియడం లేదు. నీళ్ళు కదులుతున్నాయా, మేం కదులుతున్నామా, లోకమే కదిలిపోతోందా అన్నట్టుంది. నా చెయ్యి నాకే దూరంగా ఎవరిదోలా కనిపించింది.

"అమ్మాయ్" అన్నారు అత్తగారు నిద్రమత్తు గొంతుతో. "గంట ఎడమవైపు కదా మోగాలి? కుడివైపు మోగుతోందేం? నాకు మత్తెక్కిందా, గంట చోటు మారిందా?"

చెవి పెట్టి విన్నాను. కుడివైపే. నా పై ప్రాణాలు పైనే పోయాయి. గంట కాదు, మేమే మారాం. పీపా దాటి మా ఒడ్డు నీళ్ళలోకి వచ్చేశాం, ఆవిడ చేతిలో పెన్ను వెలుగుతూ ఉండగానే.

ఇంజిన్ మీద చెయ్యి వేశానో లేదో, మంచులోంచి ఓ పడవ ముక్కు బయటికొచ్చింది. మా ఒడ్డు గస్తీ పడవ. అందులో ఒక్కడే గస్తీ ఆయన, బొద్దు మీసాలు మంచుకి తడిసి వేలాడుతున్నాయి.

"ఎవరది? ఇదేం వాసన?"

అత్తగారు పెన్నుని పైటచెంగు కింద దాచి, నిటారుగా కూర్చున్నారు. "బాబూ, ముందు తమరెక్కడున్నారో సెలవివ్వండి. పీపాకు ఇవతలా, అవతలా? అవతలైతే తమకి అధికారం లేదు. సరిహద్దు దాటినందుకు తమ మీదే కేసు రాయాలి."

ఆయన మీసం తుడుచుకుని ఇటూ అటూ చూశాడు. ఎటు చూసినా ఒకటే తెలుపు. "నిజం చెప్పాలంటే నాకూ తెలీడం లేదమ్మగారూ" అన్నాడు. "మంచు విడిచాక చూద్దాం. పీపా ఎటుంటే అటు." మోకు తీసి తన పడవని మా లాంచీకి కట్టేశాడు.

అలా ముగ్గురం కూర్చున్నాం. గంట మోగినప్పుడల్లా ఆయన చెవిలో మంచు కూరుకుంటే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాను.

అత్తగారు నా చెవి దగ్గరికి వంగారు. "ఇవతలున్నాం కదూ?"

"అవతలే అత్తయ్యా."

"అబద్ధమాడితే నీ గొంతు సన్నబడుతుందే. లాంచీ పోతుందా?"

"పోతే పోనీండి! మీరు పెన్ను గట్టిగా పట్టుకోండి. అది పోతే కొత్త చీటీకి నెలాగాలి. ఈ నెలంతా మీరెలా పడుకుంటారు?"

"లాంచీ పోతే నువ్వేం నడుపుతావు, నా మంచమా?" అని చిన్నగా నవ్వారు.

ఆ నవ్వు చూసి ఊరుకున్నారనుకున్నాను. ఆవిడ చెయ్యి చెంగులోంచి జారి, అంచు మీదుగా నీళ్ళవైపు వెళ్ళింది. ఆ చెయ్యి పట్టుకోవాలని లేచేసరికే, టప్‌మని చప్పుడైంది.

"ఏం పడింది?" అన్నాడు గస్తీ ఆయన.

"చేప ఎగిరింది బాబూ" అన్నారు మా అత్తగారు.

జీవితంలో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం. గొంతు కాస్త కూడా సన్నబడలేదు.

ఆయన నీళ్ళమీద విచ్చుకుంటున్న వలయాలకేసి చూశాడు. తర్వాత ఆవిడ చేతులకేసి చూశాడు. ఆ వేళ్ళు ఒళ్ళో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. కాసేపటికి మంచు పలచబడింది. ఎర్ర పీపా కుడివైపు, చాలా వెనక, తాపీగా ఊగుతోంది. ఆయన దాన్నీ చూశాడు. లాంచీ ఎక్కి బల్లల కిందా, తెడ్ల కిందా లైటు వేసి శ్రద్ధగా వెతికాడు.

"ఏమీ లేదు. పెద్ద చేపే అయ్యుంటుంది" అన్నాడు. మోకు విప్పుకుని వెళ్ళిపోయాడు.

నాకు కోపం వచ్చింది. ఎంత కోపమంటే, ఏడుపొచ్చింది. "ఎవరడిగారు మిమ్మల్ని? లాంచీ ఇనుప ముక్క! ఇంకోటి వస్తుంది!" అని అరిచాను. ఆవిడ కూనిరాగం అందుకున్నారు. మా రేవు చేరేదాకా మత్తు ఉంది, కూనిరాగం ఉంది. గట్టుకి తాకినప్పుడు ఆ చిన్న అదురుకే రాగం ఆగిపోయింది.

లేవలేకపోయారు. వీపు మీద ఎత్తుకున్నాను. తడిసిన చీరంత బరువు కూడా లేరు. రేవు మెట్లెక్కుతుంటే నా మెడ మీద ఆవిడ ఊపిరి వేడిగా, గబగబా తగులుతోంది.

"అమ్మాయ్."

"చెప్పండత్తయ్యా."

"కేసు కొట్టేశారు" అన్నారు పళ్ళు బిగించుకుని. "శిక్ష మాత్రం ఇవాళ్టినుంచే."

నేను నవ్వబోయి, నవ్వలేక, ఇంకో మెట్టు ఎక్కాను.