పసుపు పోగు, బూడిద వేలు

నేను హిందూపురంలో లోగోలు గీసేవాణ్ణి, పేరు దేవేంద్ర. పదిహేడేళ్ళుగా ఇదే పని. బస్టాండు రోడ్డులో బేకరీ బోర్డు మీది గోధుమ కంకీ, బోరు మోటార్ల అంగడి మీది నీటిచుక్కా నావే. పని విషయంలో నాకు పొగరని మా ఆవిడ అంటుంది. అబద్ధమేం కాదు.

శ్రావణానికి ముందు ధర్మవరం నుంచి భాగ్య అనే ఆమె వచ్చింది. వాళ్ళది పట్టుచీరలు నేసే ఇల్లు. ఆమె, భర్త చెరొక మగ్గం మీద కూర్చుంటారు. వాళ్ళ చీరల డిజైన్లను ఎవరో మిషను మగ్గాల మీద అచ్చంగా దింపి, చేత్తో నేసినవని అమ్ముకుంటున్నారట. కొనేవాళ్ళకు తేడా తెలియడం లేదు.

"బెంగళూరు చేనేత మేళాలో ఈసారి మేమే అంగడి పెడతాండామన్నా. ఇది మా చేతి చీరే అని చెప్పే గుర్తొకటి కావాల. ఆడ కూడా జనం నమ్మకపోతే ఇంక మగ్గాలు ఎత్తేయాల్సిందే" అంటూ ఒక చీర మడత నా టేబుల్ మీద పెట్టింది.

నేను ఊరుకుంటానా? నెమలి వేశాను. నెమలి చుట్టూ మామిడి పిందెలు, పైన గోపురం, కింద బంగారు రంగు అక్షరాలు, వాటికి నీడ. వెనకాల ఉండడానికి చీర అంచును ఫోటో తీసి పెట్టాను. చీర మొదట్లో ఒక సన్నటి పసుప్పచ్చ గీత, కాస్త వంకరగా, అడ్డంగా కనబడింది. నేతలో తప్పు పడిందనుకుని కంప్యూటర్లో రెండు నిమిషాల్లో తుడిచేశాను. అంతా వాట్సాప్‌లో పంపి, మెప్పు కోసం ఎదురుచూశాను.

భాగ్య ఫోన్ చేసింది. "నెమలి బాగుండాదన్నా. గీత యాడికి పాయ?"

"ఆ పసుపు గీతా? నేతలో తప్పు కదమ్మా, తుడిచేసినా" అన్నాను గొప్పగా.

"ఒకసారి ఈడికి వచ్చి చూసిపోన్నా" అని పెట్టేసింది.

నాకు మండింది. మర్నాడు పొద్దున రైలెక్కాను. పెనుకొండ దాటేదాకా ఆమెను ఏమేం అనాలో మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను.

ఆ మాటల్లో ఒక్కటీ అనలేదు. నేను వెళ్ళేసరికి భాగ్య అత్త రామాంజినమ్మ మగ్గం ముందు కూర్చుని ఉంది. మగ్గం మీది నిలువు పోగులు, అంటే పాత పడుగు, అయిపోయింది. దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే అతకాలి. పక్కన కొబ్బరిచిప్పలో బూడిద. ఆమె బొటనవేలూ చూపుడువేలూ అందులో అద్దుకుంటుంది, పాత పోగు కొసనూ కొత్త పోగు కొసనూ కలిపి ఒక్క మెలి తిప్పుతుంది. ముడి లేదు, జిగురు లేదు. అంతలోనే తరువాతి పోగు.

"ఎన్ని ఉంటాయి?" అన్నాను.

"నాలుగు వేల పైనే అన్నా" అంది భాగ్య.

రామాంజినమ్మ వేళ్ళ వైపు చూడనైనా చూడదు. "కాఫీ తాగినావా అప్పా?" అని నన్ను అడుగుతూనే పది పోగులు అతికేసింది. అతుకు ఎక్కడుందో చూద్దామని ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టాను. కనబడలేదు. నేనూ ఒకటి మెలితిప్పాను. అది నా చేతిలోనే విడిపోయింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

పొద్దు వాలే వేళకు అతకడం పూర్తయింది. భాగ్య మగ్గం గుంతలోకి దిగి పడుగును మెల్లగా తన వైపు లాక్కుంది. ఆ నాలుగు వేల అతుకులూ మగ్గంలోంచి జారుకుంటూ ఇవతలికి వచ్చాయి. ఒక్కటీ తెగలేదు. మనిషి చేతికి ఇంత చేతనవుతుందని నలభై నాలుగేళ్ళలో నాకెవరూ చెప్పలేదు.

అప్పుడు రామాంజినమ్మ పసుపులో ముంచి ఆరబెట్టిన పోగొకటి కోడలికి అందించింది. భాగ్య దాన్ని అడ్డంగా నేసింది. "అతుకు నిలిచిందనేదానికి గుర్తు ఈ పోగన్నా. ఈ పడుగుతో వచ్చే మూడు చీరలకూ మొదట ఇదే. మా అత్తకు వాళ్ళత్త నేర్పించింది."

నేను తుడిచేసింది దాన్నే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

సంచిలోంచి తెల్ల కాగితం తీసి, "పెద్దమ్మా, అట్లాంటి పోగొకటి దీని మీద పెట్టు" అన్నాను. ఫ్యాను గాలికి పోగు ఎగిరిపోకుండా ఆమె బొటనవేలితో నొక్కింది. వేలు తీసేసరికి పోగు చుట్టూ బూడిద ముద్ర పడి ఉంది.

"అయ్యో, కాగితం పాడుచేస్తినే!" అని కొంగుతో తుడవబోయింది. నేను ఆపాను. ఆ ముద్రలో వేలిగీతలు లేవు. నున్నటి బూడిద మధ్యలో అడ్డంగా ఒకే ఒక్క గాడి, ఏళ్ళ తరబడి పోగు నడిచి ఆమె వేలిలో పడిన దారి. పసుపు పోగు సరిగ్గా అందులో పడుకుని ఉంది.

"నాకు గీతలు అరిగిపోయినాయప్పా. రేషన్ కాడ మిషనులో వేలు పెడితే నేను కాదంటాది. ఎన్నిసార్లు తుడుచుకొని పెట్టినా అంతే. జనం ముందర సిగ్గయితాది" అంది ఆమె.

హిందూపురం వచ్చి ఆ కాగితాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాను. ముద్ర పక్కన రెండు బూడిద చుక్కలున్నాయి. అలవాటు కొద్దీ చెయ్యి మౌసును రబ్బరు గుర్తు మీదికి తీసుకుపోయింది. వెనక్కి తీసుకున్నాను. నెమలిని, గోపురాన్ని, నీడలను పక్కన పడేశాను. బూడిద రంగు వేలు, దాని మీద పసుపు గీత, అంతే. గోరంత చేసి చూసినా చెక్కుచెదరలేదు. పదిహేడేళ్ళలో నేను గీయని లోగో అదొక్కటే, నాకు నచ్చినదీ అదొక్కటే.

మేళాకు నేనూ వెళ్ళాను. ఒకావిడ చీర తిప్పి తిప్పి చూసి, ఇది మిషనుది కాదని నమ్మకమేమిటని కన్నడంలో నిలదీసింది. భాగ్య చీరకున్న లేబుల్ మీది గుర్తు చూపించినా ఆవిడ నమ్మలేదు. వెనక కూర్చున్న రామాంజినమ్మ లేచి వచ్చి, వెంట తెచ్చుకున్న కొబ్బరిచిప్పలోని బూడిదలో వేలద్ది, లేబుల్ పక్కనే ఒక అట్టముక్క పెట్టి దాని మీద గట్టిగా నొక్కింది.

ఆవిడ లేబుల్ చూసింది. అట్ట చూసింది. రామాంజినమ్మ చెయ్యి పట్టుకుని, బొటనవేలి మీది గాడిని తన వేలితో మెల్లగా తడిమింది.

"ఇది మీరేనా?" అని అడిగింది.

"నేనేనమ్మా" అంది రామాంజినమ్మ.