పట్టకారు పట్టిన చెయ్యి

మా బాపుకు పెద్ద మాటలు మాట్లాడాలంటే ఒక్కటే సమయం, నా రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు.

ఖానాపూర్‌లో మాది మైక్‌సెట్ దుకాణం. బాపు పేరు మైసయ్య. పక్షవాతం వచ్చి ఆయన ఎడమచెయ్యి పట్టు తప్పింది, కుడిచెయ్యి మాత్రం నిక్షేపంగా ఉంది. అందుకని స్పీకర్ వైర్లకు పిన్నులు అతికించేటప్పుడు సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ ఆయన పట్టుకుంటాడు. ఒక చేత్తో వైరు, ఇంకో చేత్తో పట్టకారుతో పిన్ను నేను పట్టుకుంటాను. కరిగిన సీసం గట్టిపడేదాకా కదలకూడదు. కదిలితే అతుకు లోపల పగులుతుంది, రేపు పాట మధ్యలో స్పీకర్ గరగరమంటుంది. ఆయన "ఇడువు" అనేదాకా నేను కట్టేసిన మేకనే.

పెళ్లి సంబంధం వచ్చిన సంగతి అలాగే చెప్పాడు. అవ్వకు, అంటే మా అమ్మకు, షుగర్ ఉందనీ అలాగే చెప్పాడు. నా నర్సింగ్ చదువు పూర్తయ్యాక, "సదివింది సాలు, ఇగ దుకానం సూసుకో" అన్నదీ అలాగే. లేచి పోదామంటే చేతిలో పిన్ను. ఎంత కోపమొచ్చినా ముక్కుపుటాలు తప్ప ఇంకేదీ కదిలించే వీల్లేదు.

ఆ శనివారం మధ్యాహ్నం మాత్రం నేనే ముందు నోరు తెరవాలనుకున్నాను. ఆసిఫాబాద్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. అవ్వకు చెబితే, "నీ నోటితోని నువ్వే చెప్పు బిడ్డా, నాతోని కాదు" అని చర్చి ఊడవడానికి వెళ్లిపోయింది.

తెల్లారితే చర్చిలో కోతపండుగ, మైకులు మావే. కొత్తగా తెచ్చిన పిన్నులు ఒట్టి మొండివి. పైన తళతళలాడే పూత, సీసం పట్టదు, ఉండకట్టి జారి బల్ల మీద పడుతుంది. బ్లేడుతో పూత గీకాను, సీసం పట్టేందుకు పేస్టు రాశాను. బాపు ఐరన్ ఆనించాడు. వేడంతా పిన్ను తాగేస్తోంది తప్ప సీసాన్ని కరగనివ్వడం లేదు. పట్టకారు పిడి దాకా కాలుతోంది. ఇప్పుడే చెప్పేద్దామనుకుంటుండగా ఆయనే మొదలుపెట్టాడు.

"బోర్డు కొత్తది రాయిస్తున్న బిడ్డా. మైసయ్య, ప్రిస్కిల్లా సౌండ్స్ అని. పెయింటర్ అంజన్నకు చెప్పిన."

"నా పేరెందుకు బాపు?"

"మరెవ్వలది? బాలమల్లును పనికి పెట్టి సూసిన గదా, వానికి సెయ్యి నిలువదు. నీ తీరుగ పట్టెటోళ్లు లేరు. నువ్వుంటె నాకు ఫికర్ లేదు."

పొగిడితే కూడా ఊపిరాడదని అప్పుడే తెలిసింది. తిట్టినా బాగుండేది, తిట్టుకు ఎదురు చెప్పొచ్చు. ఇంకాసేపు ఊరుకుంటే నా పేరు ఆ బోర్డు రేకు మీద ఎక్కి కూర్చుంటుంది, దాన్ని దింపడం నా తరం కాదు.

"సోమారం ఆసిఫాబాద్ పోతున్న బాపు. దవాఖానల నౌకరి ఒచ్చింది."

ఈసారి కదలలేనిది ఆయన. ఐరన్ తీస్తే పని మళ్లీ మొదటికొస్తుంది. పొగ కళ్లలోకి పోతున్నా ముఖం తిప్పలేదు.

"ఎప్పుడు తెల్సింది?"

"మంగళారం."

"మీ అవ్వకు?"

"తెల్సు."

అప్పుడు లొంగింది ఆ మొండి పిన్ను. సీసం కరిగి వైరు పోగుల్లోకి పారింది. బాపు ఐరన్ తీసి పక్కన పెట్టాడు. ఆయన మీద జాలి, నా మీద కోపం, రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

సీసం మెరుపు తగ్గి మసకబారింది. గట్టిపడిందని చూస్తేనే తెలుస్తోంది. బాపు నోటి నుంచి "ఇడువు" అనే మాట రాలేదు.

"ఆరింది బాపు," అన్నాను.

ఆయన పిన్ను వైపు చూడనేలేదు. బజారులోకి చూస్తున్నాడు.

"ఇంక ఆరలే. జర సేపు పట్టుకో బిడ్డా."

చల్లబడిపోయిన పిన్నును పట్టుకుని అలాగే కూర్చున్నాను.