సంగిడి రాయి

అప్పటికి మా కొండకు బండి దారి పడలేదు. పాడేరు సంతకు ఏది దించాలన్నా, ఏది ఎక్కించాలన్నా కావడే. ఆ మోత నాదీ, మా తమ్ముడు సోంబరుదీ. వానలు మొదలవగానే వాడు మానేశాడు. ఇద్దరి మోతా నామీద పడింది.

మాన్పించింది సంతలో ఉప్పు అమ్మే సన్యాసిరావు. మైదానంలో, కసరత్తు చేసే తాలింఖానాలో పెరిగిన మనిషి. కొత్త అమావాస్య జాతరలో సంగిడి ఎత్తాలని వాడికి ఆశ పెట్టాడు. సంగిడి అంటే గుండ్రటి బరువు రాయి. దాన్ని తలపైకి ఎత్తి నిలబెట్టాలి.

"కావడి మోసినోడి ఒల్లు ఎండుకర్రలాగుంటాది. కండ పట్టాలంటే మోత మానీ. రాయెత్తు, దండీలు తియ్యి, తిను, తొంగో," అన్నాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. చలికాలానికి సోంబరు చేతులు నా పిక్కలంత లావయ్యాయి. భుజం మీద కావడి బద్ద ఒరిసి కట్టిన కాయ మాత్రం కరిగిపోయి, చర్మం మెత్తబడింది. అమ్మ దాన్ని తడిమి నవ్వేది. నాకు ఒళ్లు మండేది.

జాతరకు నెలన్నర ఉందనగా అమ్మ చింతపండు దులుపుతూ చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టే వరహాలు ఉండేది రెండు కొండల అవతల. వాపు ముదరకముందే చేర్చకపోతే అమ్మ ఇక సరిగ్గా నడవదు. డోలీ కట్టాం. నేను ముందు, వాడు వెనక. మా గూడెంలో డోలీని దారిలో నేలకు ఆనించరు, మహా కీడని భయం. నడుస్తూనే భుజం మార్చుకోవాలి.

మొదటి కొండ సగంలోనే వాడికి ఎగశ్వాస.

"అన్నా, ఒక్కపాలి దించుదుమేటి?"

"నోర్ముయ్. బేగి నడు."

రాయి ఎత్తేటప్పుడు కాసేపు ఊపిరి బిగబడితే చాలు. కొండ అలా వదలదు. వెనక్కి చూస్తే వాడి భుజం తోలు లేచి నెత్తురు కారుతోంది. అంత కండ పెట్టుకుని ఏడుస్తున్నాడు. జాలేసింది. కొట్టాలనీ అనిపించింది.

రెండో కొండ మొదట్లో కూలబడ్డాడు. డోలీ నేలకు తగిలింది. అమ్మ కళ్లు మూసుకుంది. ఆగి ఆగి చేరేసరికి కాలంతా పొంగిపోయింది.

"కూసింత ముందు తెచ్చుంటే..." అని వరహాలు ఆగిపోయాడు.

అమ్మ బతికింది. కాలు వంకరగా అతుక్కుంది.

జాతర నాడు కింద డప్పులు మోగుతున్నాయి. సోంబరు వెళ్లలేదు. కావడికి ఒక వైపు సంగిడి రాయి, ఇంకో వైపు మరో బండ కట్టుకుని, మా గుడిసె ముందున్న ఏటవాలు దారిలో ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. భుజం మళ్లీ పచ్చిపుండయింది.

గుమ్మంలో కూర్చున్న అమ్మ చాలాసేపు చూసింది.

"ఏటిరా మోత్తన్నావు?"

"నిన్నేనమ్మా."

అమ్మ వంకర కాలిని రెండు చేతులతో పట్టి పక్కకు జరుపుకుంది.

"ఇప్పుడా?" అంది.

వాడు ఆగలేదు. కావడి రెండో భుజానికి మార్చుకుని మళ్లీ ఎక్కాడు.