మడతలు లేని నోట్లు

మిల్లు మూతపడ్డాక ఆ వీధిలో కొత్త బట్టలు కుట్టించుకునే నాథుడే లేకపోయాడు. పక్క దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే దిగిపోతుంటే టైలరు గుండెల్లో రాయి పడింది. దాచిన డబ్బుకు విలువ పోతోందని, చలామణీలో లేని అరుదైన నోట్లు కొనిపెట్టుకుంటే ధర పెరుగుతుందని బావమరిది చెవినిల్లు కట్టుకుని పోరాడు. చివరికి టైలరు తలాడించాడు. భార్య కంటి ఆపరేషనుకు దాచిన సొమ్మంతా పెట్టి ఐదు పాత నోట్లు కొన్నాడు.

ఆర్నెల్లు ఆగొచ్చన్న డాక్టరు, మూడో నెలలోనే మాట మార్చాడు. సోమవారం ఆపరేషను చేయకపోతే ఆ మిగిలిన చూపు కూడా దక్కదన్నాడు. టైలరు పాత నోట్ల వ్యాపారికి ఫోను చేసి ఆపరేషను సంగతి చెప్పాడు. నలగని నోటుకైతే మూడింతలు ఇస్తానని, మడతపడిన దానికి బేరం తగ్గుతుందని అతను చెప్పాడు.

టైలరు నోట్లు తీసి చూశాడు. నాలుగింటికి నడుమ మడత ఉంది. మడతంటే ఆయనకు పుట్టుకతోనే పడదు. పెళ్లిలో కూడా తాళి కట్టాక ముందు చూసుకున్నది తన చొక్కా కాలరే. తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె సన్నగా వేడెక్కించాడు.

"ఆ వ్యాపారిని ఒకమాట అడగరాదూ? నాకెందుకో భయంగా ఉంది," అంది మంచం మీంచి భార్య.

ఇస్త్రీ విషయంలో తను ఒకర్ని అడగడమేమిటని టైలరు నవ్వేశాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

మర్నాడు ఆవిణ్ణి వ్యాపారి దుకాణం బయట బల్ల మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్లాడు. వ్యాపారి మొదటి నోటును దీపం కింద ఏటవాలుగా పట్టుకుని, బొటనవేలితో తడిమాడు. రెండోది తడిమాడు. మిగతావి తడమలేదు.

"ఇస్త్రీ చేశారా?"

"ముప్పై ఏళ్ల చెయ్యండీ. ఎంత వెతికినా ఒక్క మడత దొరకదు మీకు," అన్నాడు టైలరు గర్వంగా.

అచ్చు వేసినప్పుడు కాగితం మీద ఉబ్బెత్తుగా నిలిచిన సిరా అంతా అణిగిపోయిందని, ఇలా చదునైన నోటును ఏ సేకరణదారూ ముట్టుకోడని వ్యాపారి మెల్లగా చెప్పాడు. మడతలతో తెచ్చుంటే ఆపరేషనుకు సరిపోయేంత ఇచ్చేవాణ్ణన్నాడు. ఐదోదానికి ముందునుంచీ మడతే లేదు కదా అని టైలరు అడిగాడు. దాన్నీ ఇస్త్రీ చేశారు కదండీ అన్నాడు వ్యాపారి.

బయటికొచ్చేసరికి భార్య ఆయన అడుగుల చప్పుడు గుర్తుపట్టి లేచి నిలబడింది.

"సోమవారం ఎన్నింటికి వెళ్దాం?" అంది.

టైలరు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"మెట్లున్నాయి, చూసి," అన్నాడు.