ఒక్క ఓడనూ ముంచని ఓడ

నా మొగుడు సుబ్బురాజ్ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు. 1923లో మా తమ్ముడు దామోదరసామికి నాగలాపురం సంబంధం వచ్చిందో లేదో, మా కోవిల్‌పట్టి నుంచి అక్కడికి పోయి, జర్మనీ యుద్ధంలో వాడు పనిచేసిన యుద్ధనౌక ఏడు శత్రు ఓడలను ముంచిందని ఊరంతా చాటి వచ్చాడు. సముద్రం దాటినవాడని అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఇదీ పోతే తమ్ముడు ఒంటరిగా మిగిలిపోతాడని నాకు బెంగ.

పిల్ల తండ్రి అప్పాసామి, మిరపకాయలు బండ్లకెత్తి విరుదునగర్ పంపే ఆసామి. పిల్లను చూసేందుకు వాళ్ళింటికి పోయి మేం కూర్చోగానే అడిగేశాడు.

"ఏమప్పా, మీ ఓడ ఏడు ఓడల్ని ముంచెనంటనే?"

"లేదు మామా, ఒగటీ ముంచలే," అన్నాడు మా తమ్ముడు.

వెనకనుంచి వాడి భుజం గిల్లాను. వింటేగా! తాను బాయిలర్‌కు బొగ్గు వేసేవాణ్ణనీ, యుద్ధం నడిచినన్నాళ్ళూ ఆ ఓడ సరుకు ఓడల చుట్టూ తిరుగుతూ కాపలా కాసిందనీ చెప్పాడు. ఒకసారి పొగమంచులో రేవు గట్టుకే గుద్దుకుని ముక్కు చితక్కొట్టుకుందట. అదీ దాచలేదు! చివరికి దాన్ని పాత ఇనుము కింద అమ్మేశారని చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నా మొగుడు తల దించుకున్నాడు. సంబంధం చెడిందనే అనుకున్నాను.

"మీరు కాపలా కాసిన ఓడల్లో ఎన్ని మునిగె?" అన్నాడు అప్పాసామి.

"ఒగటీ మునగలే మామా. అన్నీ రేవు చేరె."

అప్పాసామి పకపకా నవ్వాడు.

"మా బండ్లకు మునుపు ఒగ కావిలికాడుండె. వచ్చినప్పుడంతా దొంగల్ని తరిమిన కతే చెప్పును. మూటలు మాత్రం తక్కువొచ్చును! ఇప్పుడుండేవానికి చెప్పేకి ఒగ కతా లేదు. మూటలన్నీ చేరతాయి." లోపలికి తిరిగి, "ఏమ్మా వల్లీ, ఏమంటావు?" అన్నాడు.

తలుపు వెనకనుంచి వల్లియమ్మాళ్ గొంతు వినిపించింది. "ఇంత చేసిన ఓడను ఇనుముకు అమ్మినారే నాయనా, పాపం!"

ఇన్నేళ్ళలో వాడి ఓడ కోసం అయ్యో అన్న మనిషి లేదు. నేనూ అనలేదు. మా తమ్ముడు తలెత్తి తలుపు వైపు చూశాడు. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

నా మొగుడు మాత్రం అప్పుడే తాంబూలం పళ్ళెం ముందుకు జరిపాడు.